బాపు పట్టిన దుంగ

మా ఇంటి పెరట్లో, జామచెట్టు పక్కన, ఒక రాయి ముప్పై ఏళ్లకు పైగా ఊరికే పడి ఉండేది. రెండున్నర అడుగుల పొడవు, నా రెండు చేతులతో చుట్టి పట్టుకునేంత లావు. ఒక పక్క గుండ్రం, ఇంకో పక్క చీల్చినట్టు చదును. బట్టలు ఉతకడానికి అంతకంటే మంచి బండ ఆసిఫాబాద్ మొత్తం వెతికినా దొరకదు. అయినా దాని మీద ఒక చేతిరుమాలు కూడా ఉతకనివ్వలేదు మా బాపు.

అవ్వ, అంటే మా అమ్మ, బతికున్నన్నాళ్లూ ఈ రాయి మీద వారానికొక పంచాయితీ నడిచేది. బట్టల మూట నెత్తిన పెట్టుకుని గడపలో నిలబడి, "ఇంట్ల గింత బండ వెట్టుకొని నేను వాగుకు వోవాల్నా? ఏమన్న దేవుడా అది, మొక్కనీకె?" అనేది. "అది మనది గాదు," అనేవాడు బాపు. అంతకు మించి ఒక్క మాట వచ్చేది కాదు. అవ్వ తిట్టుకుంటూ వాగుకు వెళ్లేది. నేను టీచరు ఉద్యోగంలో చేరి నాలుగు డబ్బులు వెనకేసి వాషింగ్ మెషీన్ కొంటే, అవ్వ దాన్ని సరిగ్గా ఆ బండ పక్కనే పెట్టించింది. బాపును ఏడిపించడానికే. ఆ మెషీన్ రెండు వానాకాలాలకే తుప్పు పట్టింది, అది వేరే సంగతి.

అది మనది కాదని బాపు ఎందుకు అనేవాడో నాకు బాగా తెలుసు. ఆ రాయి మా దగ్గరికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను.

బాపు ఫారెస్టు చెక్‌పోస్టులో వాచర్. జైనూర్ వైపు కొండల మీది నుంచి దిగే రోడ్డుకు అడ్డంగా ఒక వెదురు గేటు, పక్కన ఒక రేకుల గది, గదిలో ఒక మంచం. టేకు దుంగల్ని గడ్డి కింద, పెంట కింద, ఒకసారైతే పెండ్లి సామాను కింద కూడా దాచి తెచ్చేవాళ్లు. వాటిని పట్టుకోవడంలో బాపుకు పెట్టింది పేరు. బండి చక్రం నేలలో ఎంత దిగిందో చూసి లోపల ఎంత బరువుందో చెప్పేవాడు. కట్టె కొసను గోటితో గీరి, వాసన చూసి, ఇది టేకు, ఇది నల్లమద్ది అని కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆ విద్య వల్ల ఆయనకు కొంచెం గర్వం ఉండేది. కూతుర్ని కాబట్టి కొంచెం అంటున్నాను.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. వానాకాలం, బడికి సెలవు. మధ్యాహ్నం బాపుకు అన్నం గిన్నె పట్టుకుని చెక్‌పోస్టుకు వెళ్లాను. జల్లు పడుతోంది. కొండ దిగి ఒక ఎడ్లబండి వచ్చింది. నడిపే మనిషికి నలభై దాటి ఉంటాయి, నెత్తి మీద యూరియా సంచి గొంగడిలా కప్పుకున్నాడు. బండినిండా గడ్డి. చక్రాలు మాత్రం జానెడు లోతు దిగుతున్నాయి. బాపు నా వైపు చూసి కన్ను గీటాడు. నేను మురిసిపోయాను. ఇప్పుడు మా బాపు ఎట్లా పట్టుకుంటాడో చూడాలని అన్నం గిన్నె పట్టుకునే ముందుకు జరిగాను.

గడ్డి తీస్తే దుంగ. బెరడు గీతలున్నాయి. కొమ్మ విరిగిన చోట కన్ను ఉంది. కోసిన కొసలో గుండ్రటి వలయాలు ఒకదానిలో ఒకటి స్పష్టంగా కనబడుతున్నాయి. రంగు కూడా పాత టేకు రంగే.

"గిదేంది?" అన్నాడు బాపు.

"రాయి సారూ," అన్నాడు ఆ మనిషి. "మా బిడ్డకు బట్టలుతుక బండ కొంచవోతున్న. కొత్తగ పెండ్లి జేసిచ్చిన. ఆళ్ల ఊరంత నల్లరేగడి, గులకరాయి గూడ దొరకది." బిడ్డనిచ్చిన ఊరి పేరు కూడా చెప్పాడు.

అక్కడ బాపు చెయ్యాల్సింది ఒకటే పని. చెయ్యి చాపి ఆ దుంగను ముట్టుకుంటే అయిపోయేది. చల్లగా తగిలేది, తెలిసిపోయేది. వాన పడుతోంది, అన్నం వేళయింది, పైగా కూతురు చూస్తోంది. వలయాలు కళ్ల ముందు కనబడుతుంటే రాయి అంటాడేమిటి, నన్ను ఎకసెక్కాలాడుతున్నాడా అనుకున్నాడు.

"కట్టె సంగతి నాకే జెప్తవారా?" అని ఎడమ చెంప మీద ఒక్కటిచ్చాడు.

ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ మనిషి ఒక అడుగు పక్కకు తూలి, బండి గూటం పట్టుకుని నిలబడ్డాడు. బాపు బండెక్కి, పట్టుబడ్డ దుంగల మీద ముద్ర కొట్టే సుత్తి ఎత్తి, కొసన బలంగా ఒక దెబ్బ వేశాడు. టంగుమని మోగి, నిప్పురవ్వ లేచి, సుత్తి ఎగిరి అవతలి బురదలో పడింది. బాపు మణికట్టు పట్టుకుని వంగిపోయాడు.

నేను నవ్వాను. పదమూడేళ్ల పిల్లను, నవ్వొచ్చింది, నవ్వాను. ఆ మనిషి చెంప మీద చెయ్యి పెట్టుకునే నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత భుజం ఆనించి ఆ రాయిని బండి వెనక నుంచి దొర్లించేశాడు. ధడేలుమని పడింది, బురద నా పరికిణీ దాకా చిందింది.

"ఉంచుకో సారూ. నీకే పనికొస్తది," అన్నాడు. బండిని మళ్లీ కొండ వైపుకే తిప్పాడు.

"ఓ అన్నా! ఆగే, అన్నా!" అని బాపు రోడ్డు పక్కన ఉరుకుతూ రెండుమూడు సార్లు పిలిచాడు. ఆయన తిరిగి చూడలేదు. కోపంలో ఉన్నాడు, ఎందుకు చూస్తాడు అనుకున్నాం.

ఆ తర్వాత బాపు బతుకు నవ్వులపాలైంది. తోటి వాచర్లు "రాయిని అరెస్టు చేసినోడు" అని పేరు పెట్టారు. కొత్తగా వచ్చిన ఆఫీసర్లకు కూడా ఆ కథే మొదట చెప్పేవాళ్లు. బాపు కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. కానీ రాయిని మాత్రం అక్కడ వదిలెయ్యలేదు. నలుగురు మనుషుల్ని పెట్టి ఎత్తించి, ఇంటికి తెచ్చి పెరట్లో పెట్టుకున్నాడు.

నవ్వని చోటు ఒకటి ఉంది. మేం క్రైస్తవులం, మెథడిస్టు సంఘం వాళ్లం. నెలలో మొదటి ఆదివారం గుడిలో ప్రభు బల్ల ఉంటుంది. జనం వరసగా ముందుకు వెళ్లి, మోకరించి, రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. ఎవరి పట్లనైనా తప్పు చేసి ఉంటే ముందు వెళ్లి వాళ్లతో సమాధానపడి, ఆ తర్వాతే రావాలని పాస్టరు అయ్యగారు ప్రతిసారీ చదివి వినిపిస్తారు. అందరూ వింటారు, అందరూ వెళ్తారు. అత్తతో ఆరు నెలలుగా మాటల్లేని కోడలు వెళ్తుంది, గట్టు జరిపిన అన్న వెళ్తాడు. మా బాపు ఒక్కడే వెళ్లలేదు. ఆ వానాకాలం తర్వాత ఒక్క నెల కూడా వెళ్లలేదు.

అవ్వ ఏడ్చింది, బతిమాలింది. నేను పెద్దదాన్నయ్యాక గట్టిగానే పోట్లాడాను. "పేరు తెల్వని మనిషి కోసం ఎన్నేండ్లు కూసుంటవు బాపూ?" అనేదాన్ని. "ఊరు తెలుసు గద," అనేవాడు. నిజమే, ఊరు తెలుసు. రెండుసార్లు బస్సెక్కి ఆ ఊరి స్టేజీ దాకా వెళ్లాడు. రెండుసార్లూ అక్కడ దిగి, చాయ్ తాగి, వచ్చే బస్సెక్కి తిరిగొచ్చాడు. నాకు కోపమొచ్చేది. అంత పట్టింపున్న మనిషికి ఆ నాలుగడుగులు వెయ్యడానికి ఏం రోగం?

అవ్వ పోయింది. బాపు ఎనభైలో పడ్డాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి కొంచెం పనిచేస్తుంది. ఎవరైనా ఎడమ వైపు నిలబడి మాట్లాడితే ఏమీ వినబడదు గానీ ఆ సంగతి చెప్పడు. మర్యాదగా నవ్వి తల ఊపుతాడు. నేను రోజంతా బళ్లో పిల్లల మీద అరిచి, ఇంటికొచ్చి బాపు కోసం అరుస్తాను. నా గొంతు మా వాడ మొత్తానికి అలవాటే. పోయిన ఏడాది ఆయనకు గుండెనొప్పి వచ్చి మంచిర్యాల ఆస్పత్రిలో వారం ఉన్నాం. అక్కడ పడుకుని, "బల్ల తీసుకోకుంటనే పోతనేమో బిడ్డా," అన్నాడు. ఆ మాటతో నా నిద్ర పోయింది.

ఈ మధ్య మా బడికి ఒక కాలేజీ లెక్చరర్ వచ్చారు. రాళ్లు, భూమి పొరలు, ఆయన చదువు అది. ప్రాణహిత పక్క వాగుల్లో విద్యార్థులతో తిరిగి వస్తూ, మా పిల్లలకు నాలుగు మాటలు చెబుతానన్నారు. చెప్పాక, సైన్సు టీచర్ని నేనే కాబట్టి, చాయ్‌కి ఇంటికి పిలిచాను. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిన మనిషి ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్లి చూస్తే, తడి చేతులతో ఆ రాయి ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. జేబులోంచి భూతద్దం తీశారు.

"మేడమ్, ఇది మీకు ఎక్కడిది? ఇది చెట్టు," అన్నారు.

ఇరవై ఆరేళ్లు శిలాజాల పాఠం చెప్పాను నేను. పుస్తకంలో బొమ్మ చూపించి, ఇది రాయిగా మారిన కట్టె, రాసుకోండి అని బోర్డు మీద రాశాను. సాయంత్రం ఇంటికొచ్చి ఈ రాయి మీద కూర్చుని కాపీలు దిద్దాను. నా తెలివికి నన్ను చెప్పు పెట్టి కొట్టాలి.

బాపును కూడా పిలిచాను. లెక్చరర్ గారు ఓపికగా ఆయన కుడి చెవి దగ్గర చెప్పారు. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ పెద్ద నది పారేదట. ఒడ్డున చెట్లు. వరదకు కూలిన చెట్టు ఇసుకలో కూరుకుపోయింది. గాలి తగలక కుళ్లలేదు. నేలలోని నీళ్లు దాని లోపలికి ఇంకుతూ, ఆ నీళ్లలో కరిగిన ఇసుక సారం కట్టెలో ప్రతి సందులోనూ నిండి గట్టిపడింది. కట్టె పోయింది, దాని అచ్చు మిగిలింది. అందుకే వలయాలు, బెరడు, కన్ను అన్నీ ఉన్నట్టే ఉన్నాయి.

బాపు వంగి ఆ కొసను గోటితో గీరి చూశాడు. తర్వాత, "టేకేనా?" అని అడిగాడు.

"టేకు అప్పటికి పుట్టలేదు పెద్దయ్యా. అసలు పువ్వు పూసే చెట్లే లేవు. చలి దేశాల్లో పైన్ చెట్లుంటాయి చూడండి, వాటికి దూరపు చుట్టం."

"పువ్వు లేకుంటె కాయెట్ల?"

"పొలుసుల కాయలు కాసేవి, పువ్వుతో పని లేకుండానే."

"గడ్డి?"

"గడ్డి కూడా లేదు."

"మరి ఎడ్లేం తింటుండె?"

"ఎడ్లు గూడ లేవు బాపూ!" అని నేను అరిచాను.

"చెక్‌పోస్టు గూడ లేకుండె. బతికిపోయింది," అన్నాడు బాపు. అందరం నవ్వాం. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లుగా లోకమంతా నవ్విన మా బాపు కన్ను తప్పు చూడలేదు. "నువ్వే కరెక్టు బాపూ! అది కట్టెనే! ఆ వాచర్లలో ఎవరన్న బతికున్నరా, ఇప్పుడే ఫోన్ జేస్త," అన్నాను.

బాపు నవ్వు ఆగిపోయింది. "కట్టె అయితేంది, రాయి అయితేంది బిడ్డా? ఆ మనిషి అబద్ధం జెప్పలే. నేను కొట్టిన," అన్నాడు.

లెక్చరర్ గారికి సంగతి తెలియదు. ఆ రాయిని కాలేజీలో పెట్టుకుంటామని, దాత అని బాపు పేరు కింద రాయిస్తామని ఎంతో మర్యాదగా అడిగారు. నాకు ఇవ్వాలనే ఉంది. బాపు రెండు చేతులూ జోడించాడు. "నాది గాదు సారూ, ఇయ్యనీకె. ఒకల బిడ్డది," అన్నాడు. లెక్చరర్ గారు వెళ్లిపోయాక, నా వైపు తిరిగి, "ఇయ్యాల ఈయన అడిగిండు. రేపు నేను వోతె నువ్వు ఇచ్చేస్తవు. ట్రాలీ మాట్లాడు," అన్నాడు. ఇచ్చేస్తానన్నది నిజమే.

మర్నాడు పొద్దున ట్రాలీ ఆటో మాట్లాడాను. వాడలో ఐదుగురు కలిసి రాయిని ఎక్కించారు. డ్రైవర్ పక్కన బాపు, బాపు పక్కన ఇరుక్కుని నేను. రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు, తడి రేగడి. నిజంగానే ఆ నేలలో గులకరాయి కూడా కనబడలేదు. ఊళ్లో కిరాణా కొట్టు దగ్గర ఆపి, కొండల మీది నుంచి వచ్చిన కోడలు, పెండ్లయి ముప్పై ఐదేళ్లు దాటి ఉంటుంది అని అడిగాను. కొట్టతను ఆలోచించను కూడా లేదు. "నీలం గేటు. కొడుకు దుబాయ్‌ల ఉంటడు," అన్నాడు. ఇన్నేళ్లు బాపు భయపడ్డ పని అరనిమిషంలో అయిపోయింది.

నీలం గేటు తీసిన ఆమె నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. మేమెవరమో అడిగే ముందే ట్రాలీలో ఉన్నదాన్ని చూసింది. వెనక్కి వెళ్లి దాని చదును పక్క మీద అరచెయ్యి పెట్టింది.

"గిది మా అవ్వగారి ఇంటి బండ," అంది. "నేను పొల్లగున్నప్పుడు గీ బండ మీద కూసొనే మా అవ్వ నాకు జడలేస్తుండె. వాగుల వడ్డదన్నడు మా బాపు. మీకేడ దొరికింది?"

"మీ బాపు ఉన్నడా అక్కా?" అని అడిగాను.

"పోయి ఆరేండ్లాయె."

నేను బాపు వైపు చూశాను. ఆయనకు వినబడలేదు. ఎడమ చెవి ఆమె వైపు ఉంది, నవ్వుతూ తల ఊపాడు. ఆమె అది చూసి, ఎవరూ చెప్పకుండానే, ఆయన చుట్టూ తిరిగి కుడి వైపుకు వెళ్లి, చెవికి దగ్గరగా వంగి, నెమ్మదిగా అంది: "మా బాపు పోయి ఆరేండ్లాయె, పెద్దయ్యా." ఆమె అరవలేదు. అయినా బాపుకు ప్రతి మాటా వినబడింది. పదేళ్లుగా అరుస్తున్న నేను సిగ్గుపడ్డాను.

"నీకెట్ల దెలిసింది అక్కా, ఏ చెవి ఇనవడదో?"

"మా బాపుకు గూడ గిట్లనే ఉండె. ఎడమ చెవు. ఇనవడకున్న నవ్వుకుంట తలకాయ ఊపేటోడు."

ఈ మాటలు కూడా ఆమె బాపు చెవి దగ్గరే అంది. బాపు ముఖంలో నవ్వు పోయింది.

"ఎప్పటి సంది బిడ్డా?" అని అడిగాడు.

"గీ బండ తెస్త అన్న యాడాది సందే. బండి ఇరుసు ఇరిగి వాగుల వడ్డడట. బండ వోయింది, చెవుల నీళ్లు వోయినయ్ అన్నడు. ఆ దినం మా ఊరికి రాకనే మళ్లిండు. మళ్ల వచ్చినప్పుడు సూస్తె ఆ చెవు ఇనవడుతలేదు."

రోడ్డు పక్కన ఉరుకుతూ బాపు పిలిచిన పిలుపు నాకు గుర్తొచ్చింది. ఓ అన్నా, ఆగే అన్నా. బాపు ఆయనకు ఎడమ పక్కన, తాను కొట్టిన చెంప వైపే ఉరికాడు.

నేను బాపు చెయ్యి గట్టిగా గిల్లాను. వద్దు బాపూ, బండ ఇచ్చేసి పోదాం అని. ఆయన చచ్చేదాకా బిడ్డకు దాచిన మాట అది. ఇప్పుడు బయట పెట్టి ఎవరిని బాగుచేస్తాం? బాపు నా చెయ్యి విడిపించుకున్నాడు.

"వాగు లేదు బిడ్డా, నీళ్లు లేవు," అన్నాడు. "నేను ఫారెస్టు వాచర్‌ను. చెక్‌పోస్టు కాడ మీ బాపును ఆపిన. రాయి అన్నడు, నేను టేకు అనుకున్న. చెంప మీద కొట్టిన. గీ చెయ్యితోని. మాఫ్ అడగనీకె వచ్చిన."

ఆమె కదల్లేదు. బాపు కుడి చెయ్యి చాపి ఉంచాడు. ఆమె ఆ చేతిని, ఆయన ముఖాన్ని, మళ్లీ ఆ చేతిని చూసింది. చాలాసేపటికి, "బండ దించుండ్రి. అది మా బాపుది," అంది. లోపలికి వెళ్లి ఇద్దరు ముగ్గురు మనుషుల్ని ఫోన్ చేసి పిలిచింది. వాళ్లు వచ్చి రాయిని బోరింగు పక్కన, ఆమె చూపించిన చోట దించారు. అప్పటిదాకా ఆమె మాతో మాట్లాడలేదు. చాయ్ మాత్రం పెట్టింది. ముందు బాపుకే ఇచ్చింది, ఆ తర్వాత నాకు. ఇంటికొచ్చిన మనిషిని చాయ్ ఇయ్యకుండా పంపడం మా దిక్కు ఎవరి వల్లా కాదు, ఎంత కోపమున్నా సరే. బాపు రెండు గుక్కలు తాగి కప్పు పక్కన పెట్టాడు.

మేం ట్రాలీ ఎక్కి కూర్చున్నాక ఆమె గేటు దాటి వచ్చింది. ఈసారి నేను డ్రైవర్ పక్కన, బాపు చివరన ఉన్నాం. ఆమె వచ్చి బాపుకు ఎడమ పక్క నిలబడింది. ఏ చెవి పనిచెయ్యదో తెలిసిన మనిషి, తెలిసే ఆ చెవి దగ్గరికి వంగి మాట్లాడింది.

"మా బాపు సచ్చేదాక సగం మాటనే ఇన్నడు. దుబాయ్ సంది నా కొడుకు తాతా తాతా అంటె, ఇనలేక ఫోన్ నాకిచ్చేటోడు. నేను ఇసుక్కునేదాన్ని పెద్దయ్యా. ఎన్నిసార్లు జెప్పాలె నీకు అని ఇసుక్కునేదాన్ని. బండ తెచ్చినవ్, మంచిది. మాఫ్ అంటె నాతోని గాదు. గిప్పుడైతే గాదు."

బాపు అలవాటు కొద్దీ మర్యాదగా నవ్వి, తల ఊపాడు.

ఆ నవ్వు, ఆ తల ఊపు చూసి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఊరు దాటాక బాపు అడిగాడు: "ఏమన్నది బిడ్డా? నాకు ఇనవడలే."

ఎంత సులువో చూడండి. మాఫ్ చేసినన్నది బాపూ, అనడమే. మూడు మాటలు. వచ్చే ఆదివారం మొదటి ఆదివారం. ఈ ముసలాయన అందరితో పాటు ముందుకెళ్లి మోకరించి రొట్టె తీసుకుంటాడు, ఆస్పత్రిలో అన్న మాట నా మీద నుంచి దిగిపోతుంది. చూడటానికి అవ్వ లేదనే ఒక్క లోటు తప్ప అంతా సుఖమే. నోరు తెరిచాను కూడా. వాగుల వడ్డది, చెవుల నీళ్లు వోయినయ్ అని ఆ మనిషి కూడా ఇట్లాగే నోరు తెరిచి ఉంటాడు, బిడ్డ ముఖం చూసి. అది గుర్తొచ్చి ఆగిపోయాను.

డ్రైవర్ని పక్కకు ఆపమన్నాను. ఇంజను చప్పుడు ఆగాక, పక్కనే ఉన్న ఆయన కుడి చెవి దగ్గరికి వంగాను. ఆమె అన్నదంతా, ఇసుక్కున్న సంగతితో సహా, ఒక్క మాట మార్చకుండా చెప్పాను. అరవకుండానే చెప్పాను. అంతా వినబడింది ఆయనకు.

"సరిగనే అన్నది," అన్నాడు బాపు. కాసేపయ్యాక, "గిప్పుడైతే గాదు అన్నదా? గట్లనే అన్నదా?" అని మళ్లీ అడిగాడు.

"గట్లనే అన్నది."



రెండు రోజుల తర్వాత లెక్చరర్ గారు ఫోన్ చేశారు, దుంగ విషయం ఏమైనా ఆలోచించారా అని. అది ఉతుకుడు బండగా వెళ్లిపోయింది సార్, దాని అసలు పని అదే, అన్నాను. ఆయన అవతల తల పట్టుకుని ఉంటారు. ఆ వాగుల్లో ఇంకా ఉంటాయి, వెతకండి, దొరికితే ముందు చెయ్యి పెట్టి చూడండి, అన్నాను.

ఆదివారం గుడికి వెళ్లాం. అయ్యగారు ఎప్పటిలాగే చదివారు. వరసలు లేచాయి. నేను అలవాటుగా లేచి, బాపు మోకాళ్ల ముందు నుంచి దాటబోయి, మళ్లీ కూర్చున్నాను. ఆ రోజు చెక్‌పోస్టు దగ్గర నవ్వింది నేనే కదా. ఇన్నేళ్లూ ఏ మొహం పెట్టుకుని వెళ్లానో ఏమో. బాపు నా వైపు చూశాడు. బెంచీ మీద ఇద్దరమే మిగిలాం.

బయటికొచ్చేటప్పుడు గడప దగ్గర అయ్యగారు బాపు చెయ్యి పట్టుకున్నారు. "ఇంకా ఎన్ని రోజులు పెద్దాయనా?" అన్నారు, అదృష్టవశాత్తూ కుడి వైపునే.

"గిప్పుడైతే గాదు అన్నది అయ్యగారూ," అన్నాడు బాపు. "అంటె మళ్ల అడగొచ్చు గద. నెలకొకసారి వోయొస్త. ఆ బండ మీద ఉతుకుతున్నదో లేదో గూడ సూడాలె."

మెట్లు దిగి ఎండలో నిలబడి నా వైపు తిరిగాడు. "ట్రాలీ వద్దు. బస్సు సాలు," అన్నాడు.